మా యారాలి దుబ్బకుండ

మా పెద్ద యారాలు పోయిందని పోయిన సోమవారం కార్డు వచ్చింది. యారాలు అంటే తోడికోడలు, మా ఆయన అన్న భార్య. రెండు రోజులు జ్వరం పడిందట. మూడోనాడు పొద్దున గంజి అడిగి, అది కాచి తెచ్చేలోగా కన్ను మూసిందట. ఆమె కొడుకు రాసింది నాలుగు వరుసలే. కార్డు మాకు చేరేసరికి అక్కడ మూడో రోజు కూడా అయిపోయింది. చావు కబురు తెచ్చిన కాగితం ఇంట్లోకి రాకూడదని మా ఆయన గడప బయటే చదివి అక్కడే చింపేశాడు. నాకు ఒళ్లు మండింది. ఆమె గురించి ఎవరైనా కాగితం మీద రాసింది బతుకంతటికీ ఆ నాలుగు వరుసలే కదా, అవి కూడా చింపబుద్ధయిందా అని ఈ బొగ్గుబావి కోలరీ క్వార్టర్ల వాళ్లందరికీ వినబడేలా అరిచాను. అరిచాకే ఏడుపు వచ్చింది. అందుకని ఇది రాస్తున్నాను. ఇందులో సగానికి సగం కోళ్ల సంగతే ఉంటుంది కాబట్టి దీన్ని ఎవరూ గడప బయట నిలబడి చదవక్కర్లేదు.

ఆమెను గొప్ప మనిషి అంటే ఆమే నవ్వుతుంది. ఊరు దాటి ఆమె దూరం పోయింది ఒక్కసారే, కొడుక్కి అక్షరాభ్యాసం చేయించడానికి బాసరకు. అందరూ అక్కడి నుంచి ప్రసాదం తెచ్చుకుంటారు. మా యారాలు ప్రసాదంతో పాటు గోదావరి ఒడ్డున ఉన్న సన్నటి ఇసుకను కొంగున కట్టుకొచ్చింది, కోళ్లకు పనికొస్తుందేమోనని. నాలుగు రోజులు పరీక్ష చేసి, "పారుతది గని పట్టది. ఇసుక ఉత్తదే చెల్లె" అని తేల్చి, దాన్ని తులసికోట మొదట్లో పోసింది. సరస్వతమ్మ దగ్గరి నుంచి తెచ్చినది నలుగురు తొక్కేచోట పోయలేదు, అంతవరకు భక్తే.

నేను ఆ ఇంటికి కోడలిగా పోయేనాటికి నాకు పదహారేళ్లు. మాది కరీంనగర్ వైపు పల్లె. అత్తగారిది ఇచ్చోడ నుంచి బండిబాటన పోవాల్సిన ఊరు. పెళ్లిలో పుట్టింటి వాళ్లు పిల్లకు అరణం ఇవ్వాలి కదా, ఆవునో దూడనో ఇస్తారు. మా బాపు దగ్గర ఆవు లేదు. ఎర్రకోడి ఒకటి ఇచ్చాడు. దాన్ని గంపలో పెట్టుకుని, పైన పాత చీర కట్టి, రెండు బస్సులూ ఒక బండీ మారి అత్తగారింటికి చేరాను. దారి పొడుగునా అది గంపలో అరుస్తూనే ఉంది, నేను తల దించుకునే ఉన్నాను. మా ఆడబిడ్డలు చూసి ముసిముసిగా నవ్వారు. "అరణం గుడ్లు పెడతదా, పాలిస్తదా?" అని ఒకామె అడిగింది. ఆ ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క కోడే. అందుకే దాని జోలికి ఎవరొచ్చినా నాకు కోపం ముక్కు మీదే ఉండేది.

యారాళ్ల మధ్య ఎట్లా ఉంటుందో పుట్టింట్లో అందరూ నూరిపోసి పంపారు. పెద్దామె పెత్తనం చేస్తుంది, పనంతా నీ మీద వేస్తుంది, అత్త దగ్గర చాడీలు చెబుతుంది, జాగ్రత్త అని. మా అవ్వ అయితే మరీ గట్టిగా చెప్పింది, "వాకిలి పని నువ్వే పట్టుకో. పొద్దుగాల వాకిలి సూసే కోడల్ని మెచ్చుకుంటరు" అని. నేను అదే పట్టుకున్నాను. కోడి కూయగానే లేచి, వాకిలి ఊడ్చి, పేడనీళ్లు కలిపి సాన్పు చల్లేదాన్ని. మా పుట్టింటి సాన్పు చిక్కన. గోడ మొదలు నుంచి బాట దాకా ఒక్క జానెడు పొడి నేల మిగలకుండా చల్లి, ముగ్గు వేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసుకునేదాన్ని.

నేను ముగ్గు వేసి లోపలికి పోయి వచ్చేసరికి కోళ్లగూడు పక్కన, చూరు కింద, ఇంత బూడిద, ఇంత మన్ను కలిపిన దుబ్బ, అంటే మెత్తటి దుమ్ము, కుప్పగా పోసి ఉండేది. పోసేది మా యారాలు. ఒక కుండ ఉండేది ఆమెకు, దాంట్లోంచి రెండు దోసిళ్లు తెచ్చి పోసి, చేత్తో గుంటలాగా చేసి, ఏమీ ఎరగనట్టు పోయేది. కోళ్లు వచ్చి దాంట్లో పొర్లి, రెక్కలు కొట్టి, ఆ దుమ్మంతా నా ముగ్గు మీదికి కొట్టేవి. నాకు కళ్లలో నీళ్లు తిరిగేవి. ఇది నా మీద పోసే బూడిదే అనుకున్నాను. మర్నాడు పొద్దున ఆ గుంటను చీపురుతో చదును చేసి, మిగతా వాకిలికంటే రెండు చెంబులు ఎక్కువే సాన్పు దానిమీద చల్లాను. ఆమె మళ్లీ పోసింది. నేను మళ్లీ తడిపాను. ఆమె ఒక్క మాట అనలేదు, నేనూ అడగలేదు. నెలన్నర నడిచింది మా ఇద్దరి బూడిద యుద్ధం. ఇంట్లో మగవాళ్లకు ఈ సంగతే తెలియదు.

ఎండలు ముదిరాక ఎర్రకోడి పొదుగుకు వచ్చింది. పదకొండు గుడ్లు పెట్టి గంపలో కూర్చోబెట్టాను. ఆ పిల్లలు పెద్దవయితే నాకూ ఒక మంద ఉంటుందని, ఆడబిడ్డల నోళ్లు మూతపడతాయని లెక్కలు వేసుకున్నాను. వారం దాకా బాగానే కూర్చుంది. తర్వాత మాటిమాటికి లేచి నిలబడసాగింది. తల మీద ఎర్రగా ఉండాల్సిన జుట్టు పాలిపోయింది. మేత ముట్టలేదు. తొమ్మిదో రోజు పొద్దున గుడ్లు తడిమి చూద్దామని గంపలో చెయ్యి పెడితే మోచేతి దాకా జరజర పాకింది. చెయ్యి తీసి చూస్తే గసగసాల కంటే సన్నని పురుగులు, కొన్ని బూడిదరంగువి, కొన్ని రక్తం తాగి ఎర్రబడ్డవి. గంప ఎత్తి చూద్దును కదా, అడుగున మిరపపొడి చల్లినట్టు ఉంది. కోడిపేన్లు.

నేను పెట్టిన కేకకు అత్త వచ్చింది. వంగి చూసి, కోడిని రెక్క పట్టి లేపి, మళ్లీ వదిలేసింది.

"గీ కోడి బతుకది. నెత్తురంత పీల్చినయి. మిరుగానికి దీన్నే కోద్దాం. అల్లుడొస్తుండు, ఎట్లనన్న ఒక కోడిని కోసుడేనాయె" అంది.

మిరుగం అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు. ఆ రోజు ఇంటి ఆడబిడ్డనూ అల్లుణ్ణీ పిలిచి నీసు వండాలి. దానికి ఇంకా పన్నెండు రోజులుంది. ఇరవై ఒక్క రోజుల లెక్కన గుడ్లలోంచి పిల్లలు దిగేది మిరుగం నాడో, ఆ మర్నాడో. అత్త చెడ్డది కాదు. చచ్చే కోడిని ముందే కోసుకుంటే కూరన్నా దక్కుతుందని ఏ ఇల్లాలయినా అనుకుంటుంది. నాకు మాత్రం మా బాపును కోస్తామన్నట్టే అనిపించింది.

మాట్లాడింది మా యారాలు. పొయ్యి దగ్గర నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"జర ఆగు అత్తా. పన్నెండు దినాలున్నయి గద. గప్పటికి రెక్క దులిపి మేత తినకపోతే నేనే పట్టుకొచ్చి ఇస్త."

అత్త ఊఁ అని పోయింది. మా యారాలు నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను.

"చెల్లె, నేను పోస్తున్న, నువ్వు తడుపుతున్నవు. కోళ్లు తానం చేసే జాగ అది. దుబ్బల బొర్లితేనే వాటి పేన్లు రాల్తయి. నెలన్నర సంది నువ్వు దాన్ని బురద చేస్తివి."

"మరి చెప్పకపోతివి?" అన్నాను. తప్పు నాదని తెలిసినా గొంతు తగ్గలేదు నాకు.

"చెప్తే ఇంటవా? వచ్చిన్నాటి సంది నా మొకం దిక్కు చూస్తలేవు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె మాత్రం అక్కడితో ఆ మాట వదిలేసింది. చచ్చిపోయేదాకా మళ్లీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. తోడికోడలి తప్పు చేతికి దొరికితే పదేళ్లు వాడుకునే వాళ్లను నేను చూశాను, వాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆమె దగ్గర ఆ గుణమే లేదు.

ఆ మధ్యాహ్నమే పని మొదలుపెట్టాం. రోణి, అదే రోహిణి కార్తె ఎండ, బయట పెట్టిన గుడ్డు చల్లారదు. మా యారాలు గుడ్లను ఒక్కొక్కటి పొడిగుడ్డతో తుడిచి, వేడి పోకుండా బోర్లించిన బుట్ట కింద పెట్టింది. పాత గంప, గడ్డి ఊరి బయటికి తీసుకుపోయి తగలబెట్టించింది. కొత్త గంపలో అడుగున నాలుగు వేళ్ల మందం దుబ్బ, దానిమీద ఎండుగడ్డి. గూడు గోడకు ఉన్న పగుళ్లలో, కోళ్లు వాలే కర్ర గాట్లలో దుబ్బ కూరింది. పేన్లు పగలు అక్కడ దాక్కుంటాయట. చివరికి కోడిని ఒళ్లో వెల్లకిల వేసుకుని, కళ్లలో ముక్కులో పడకుండా తల మీద కొంగు కప్పి, రెక్కల కింద, తోక మొదట్లో, కడుపు ఈకల్లో చిటికెడు చిటికెడు పోసి వేలితో మెల్లగా దువ్వింది. జల్లెడ పట్టడం నాకు ఇచ్చిన పని. ఆ జల్లెడ మా బావది, అంటే ఆమె మొగుడిది, పాత ధోతి. తుమ్ములతో ఇద్దరం చచ్చాం. ఒక తుమ్ము తర్వాత ఆమె మొహం చూస్తే కనుబొమ్మలు కూడా బూడిదే. నాకు నవ్వు ఆగలేదు. ఆ ఇంట్లో నేను గట్టిగా నవ్వడం అదే మొదలు.

ఆ దుబ్బ ఎక్కడిదనుకున్నారు? బండిబాటది. మా వైపు నల్లరేగడి, ఎడ్లబండ్ల చక్రాల కింద రోణి ఎండలకు పిండిలాగా నలుగుతుంది. మిట్టమధ్యాహ్నం ఆమె గంప పట్టుకుని బాట మీదికి పోయి నిలబడేది. బండ్లు తోలేవాళ్లతో వరస కలిపి, "బావా, బండి జర గీ ఒడ్డుకెళ్లి పోనియ్యి, దుబ్బ మెత్తగైతది" అనేది. వాళ్లు నవ్వుతూనే పోనిచ్చేవాళ్లు. ఊరంతా ఆమెకు మన్నెత్తే కోడలని పేరు పెట్టింది. తెచ్చిన దుబ్బలో పొయ్యి బూడిద కలిపేది, అదీ రెండు రోజులు చల్లారిన బూడిదే. పిడికిలిలో గట్టిగా పిసికి విప్పేది. ముద్ద నిలబడితే మళ్లీ ఎండలో పోసేది. వేళ్ల సందుల్లోంచి నీళ్లలాగా కారిపోతే అప్పుడు కుండలో పోసి మూతి కట్టేది. "పొడిగ ఉంటేనే మందు. తడిసిందంటే మన్నే" అనేది. వానాకాలం నాలుగు నెలలూ ఆ కుండ పొయ్యి పక్కన ఉండాల్సిందే. ఉప్పుకుండకైనా జాగా తప్పేది గాని దానికి తప్పేది కాదు.

అది ఎందుకు పనిచేస్తుందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. చాలా ఏళ్ల తర్వాత బ్లాకు ఆఫీసు నుంచి ఒక గ్రామసేవకుడు పేన్ల మందని తెల్లపొడి డబ్బా పట్టుకుని వచ్చాడు. చిన్న వయసు, మర్యాదస్తుడు. కోళ్ల ఒంటికి పూయమన్నాడు, పూసినాక చేతులు సబ్బుతో కడుక్కోమన్నాడు, నోట్లో పడనివ్వొద్దన్నాడు. మా యారాలు అంతా విని అడిగింది.

"మేమైతే చేతులు కడుగుకుంటం సారూ. కోడి ముక్కుతోనే గద రెక్కలు దువ్వుకుంటది. దాని మూతికి గుడ్డ కడుదుమా?"

అతను నవ్వాడు. మరి మీరేం చేస్తారని అడిగాడు. ఆమె కుండ తెచ్చి చూపించింది. అతను వేళ్ల మధ్య నలిపి చూసి, కూర్చుని మాకు అర్థమయ్యేలా చెప్పాడు. పేను ఒంటి మీద మైనం పూసినట్టు సన్నని పొర ఉంటుందట, అదే దాని లోపలి తడిని కాపాడుతుందట. పొడి దుమ్ము ఆ పొరను గీకి, పీల్చేస్తే పురుగు ఎండి చస్తుందట. విషం కాదు, కాబట్టి కోడికి గుడ్డుకు దోషం లేదు. తడి దుమ్ము దేన్నీ పీల్చలేదు, పైగా తడి బూడిద చర్మాన్ని కొరుకుతుంది. ఇదంతా చెప్పి పుస్తకంలో ఏదో రాసుకుని పోయాడు. నేను ఆమె వైపు చూశాను. ఇంత తెలివైన పని చేస్తున్నానని తెలిసి మురిసిపోతుందేమో అనుకున్నాను. ఆమెకు మరొకటి తోచింది. "పాపం, దాహంతోని చస్తయన్నట్టు" అంది పేన్ల గురించి. ఆ పూటంతా అదే మాట మీద ఉంది. మర్నాడు మళ్లీ మామూలుగానే దుబ్బ పోసింది.

ఆమెకున్న అలవాట్లు ఎన్నని రాయను. కోళ్లను ఎప్పుడూ రాత్రికి లెక్కపెట్టేది కాదు, పేర్లు పెట్టి పిలిచేది, రానిదేదో తెలిసిపోయేది. గుడ్డు చేతికి రాగానే చెంపకు ఆనించుకునేది. మేము బొగ్గు బావి ఉద్యోగానికి ఇక్కడికి వచ్చేటప్పుడు నాకు ఒక ముంత నిండా దుబ్బ కట్టి ఇచ్చింది, క్వార్టర్లలో కోళ్లను పెంచనిస్తారో లేదో కూడా అడగకుండా. పెంచనిచ్చారు. ఇక్కడి ఆడవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు, ఒకరి మాట ఒకరికి సగమే తెలుస్తుంది. కోడి ఒళ్లు గోక్కుంటే మాత్రం అందరూ నా గుమ్మం ముందుకే వస్తారు. నేను ఆమె చెప్పినట్టే చెబుతాను, కొంచెం ఎక్కువ గొంతుతో.

ఇప్పుడా మిరుగం సంగతి చెప్పాలి.

ఆ పన్నెండు రోజుల్లో నాలుగు రోజులకోసారి మళ్లీ మళ్లీ దుబ్బ పట్టించాం, పేను గుడ్లు పిగిలి కొత్తవి వస్తుంటాయని. ఎర్రకోడి లేచి తిరగడం మానేసింది. రెండు గింజలు తినసాగింది. జుట్టు మాత్రం ఇంకా పాలిపోయే ఉంది. మిరుగం నాడు పొద్దున్నే ఆడబిడ్డా అల్లుడూ దిగారు. గుడ్లను చెవి దగ్గర పెట్టుకుని విన్నాను, ఏ అలికిడీ లేదు. అత్త చూరు కిందికి వచ్చింది, కోడి జుట్టు చూసింది, పెదవి విరిచింది.

"ఏడ బాగైంది? తెల్లగనే ఉన్నది. తియ్యి పిల్లా" అంది నాతో.

నేను గంపకు అడ్డంగా కూర్చుండిపోయాను. పన్నెండు రోజులని మాట తీసుకున్నది మా యారాలు, ఆమె కనిపించలేదు. ఇంతలో దొడ్డి వైపు నుంచి వచ్చింది, చంకలో ఆమె పొడలకోడి, ఒళ్లంతా చుక్కలున్నది. మంద అంతట్లో ఆమెకు ప్రాణం అది.

"దీన్ని కొయ్యుండ్రి అత్తా. గుడ్లు బందు చేసింది. ఉత్తగ మేస్తున్నది" అని మామ చేతికి ఇచ్చి, వెనక్కి చూడకుండా పొయ్యి రాజేయడానికి పోయింది. అత్తకు ఏ కోడయినా ఒకటే, సరే అంది.

శుభ్రం చేసే పని మా ఇద్దరిది. దొడ్లో కూర్చుని నేను కోడి పొట్ట తెరిచాను. లోపల గుత్తిగా పచ్చసొనలు, పెసరగింజంతవి, శనగగింజంతవి, గోలీలంతవి. అన్నిటికంటే కింద, పెంకు కట్టిన నిండు గుడ్డు ఒకటి. మధ్యాహ్నానికి పెట్టేసేది. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"అక్కా, ఇది బందు చెయ్యలే..."

ఆమె నా చేతిలోంచి గుడ్డు తీసుకుంది. అలవాటు చొప్పున చెంప దాకా తీసుకుపోయి, మధ్యలో ఆపి, నీళ్ల చెంబు పక్కన పెట్టింది.

"కడుగు చెల్లె. పొద్దెక్కుతున్నది. అత్తకు చెప్పకు" అంది.

నేను కడిగాను. కడుగుతూ ఏడ్చాను. ఆమె చూసి, చూడనట్టే ముక్కలు కోసుకుంటూ పోయింది. నెలన్నర ఆమె ముందు బురద చల్లినదాన్ని, క్షమించమని అడగడానికి ఆ ఇంట్లో మాకు మాటలు లేవు. "అక్కా" అన్నాను మళ్లీ. "ఊఁ" అంది. అంతే.

మధ్యాహ్నం మగవాళ్లు తిన్నాక ఆడవాళ్లం కూర్చున్నాం. పచ్చసొనలు ఇంట్లో పిల్లలకు వేస్తారు. ఆమె అవన్నీ గరిటెతో తీసి నా కంచంలో వేసింది. తన కంచంలో ఒక్క ముక్క లేదు, పులుసు మాత్రం పోసుకుంది. నాలుగు ముద్దలు తిన్నామో లేదో ఆకాశం చీకటి కమ్మింది, గాలి లేచింది, ఎండిన మట్టి మీద చినుకులు టపటప పడ్డాయి. ఆడబిడ్డ సంబరంగా వాకిట్లోకి పరిగెత్తింది. వెనకే మా యారాలు లేచింది. ఎంగిలి చేత్తోనే గోడకున్న చాట లాక్కుని చూరు కిందికి ఉరికింది.

నేను గడపలోకి వచ్చి చూసేసరికి ఆమె కోళ్ల గుంట ముందు మోకాళ్ల మీద కూర్చుని, చాటను వానకు అడ్డంగా పట్టుకుని ఉంది. గాలికి జల్లు ఏ వైపు తిరిగితే చాటను ఆ వైపు తిప్పుతోంది. చీర ఒంటికి అంటుకుపోయింది, జడలోంచి నీళ్లు కారుతున్నాయి, ఎంగిలి చేతిలోని పసుపు కరిగి మణికట్టు మీదుగా పోతోంది. గంపలో ఎర్రకోడి కింద ఏదో ఒకటి సన్నగా, కోపంగా కీచుమంది. ఆమె తల తిప్పి నా వైపు చూసింది, ముఖమంతా వాన, నోరంతా నవ్వు. "ఇన్నవా చెల్లె?" అంది. చాట మాత్రం కదపలేదు.